రాట్నం ఒప్పుకోని పాట

ఆ గుమ్మం దగ్గర నిలబడితే ఏం వినపడుతుంది? ఇలా లోపలికి రండి, చాప మీద నా ఎదురుగా కూర్చోండి. కుడి పక్కకు మాత్రం వద్దు, రాట్నం తిప్పే చెయ్యి తగులుతుంది. కాళ్లు చాపుకోండి, పరవాలేదు. నేను చెప్పబోయేది పాటల సంగతి. నాకు సంగీతం రాదు. సంతకం పెట్టడం, బస్సు మీద ఊరి పేరు చదవడం, నా చదువు అంతవరకే. కానీ రేడియోలో విన్న పాట ఏదీ మరిచిపోను. ఫలానా పాట ఏ ఏడాది వచ్చిందని అడిగితే చెప్పలేను గానీ, అది మొదటిసారి వచ్చినప్పుడు మా పొయ్యి మీద ఏ కూర ఉడుకుతోందో చెప్పగలను.

మా ఊరు ఆమదాలవలసకు దగ్గర. మా వీధిలో ఆడవాళ్లం చాలామందిమి నూలు వడుకుతాం. వాలుగ చేప దవడతో పత్తి దువ్వి, గింజ తీసి, మెత్తటి ఏకులు, అంటే పత్తి చుట్టలు, చేసి పెట్టుకుంటాం. ఏకును ఎడమ చేత్తో పట్టుకుని, కుడి చేత్తో రాట్నం తిప్పుతూ, ఎడమ చెయ్యి వెనక్కి లాగుతూ పోతే నూలు సాగుతుంది. చెయ్యి చాచినంత మేర సాగాక ఆగి, ఆ నూలును కదురు పుల్లకు చుట్టి, మళ్లీ లాగాలి. లాగడం, చుట్టడం. పన్నెండేళ్ల వయసు నుంచి నేను చేస్తున్న పని ఇదే. రేడియో నా మోకాలి పక్కనే ఉంటుంది. సెల్లు ఫోను కూడా ఉంది గానీ అది మాట్లాడడానికే.

కొత్త పాట వస్తే దాన్ని నేను చెవితో కాదు, రాట్నంతో వింటాను. పాట సాగుతుంటే నా చెయ్యి సాగుతుంది. పాట ఒక వాక్యం ముగించేసరికి నా చెయ్యి చుట్టడానికి వస్తుంది. అలా తెగకుండా చివరిదాకా నూలు వచ్చిందంటే ఆ పాట మంచిది. రెండుసార్లు తెగిందంటే, ‘ఈ పాటకు రాట్నం ఒప్పుకోలేదు’ అంటాను. ఎదురింటి అరుగు మీద వడికే మా వదినకు ఈ లెక్క నచ్చదు. ఆమెకు డప్పు గట్టిగా ఉంటే చాలు, అది మంచి పాటే.

ఈ మధ్య పాటల రాక మారిపోయింది. సినిమా ఇంకా తీస్తూనే ఉంటారు, పాటలు మాత్రం నెలకొకటి ముందే వచ్చేస్తాయి. సినిమాతో సంబంధం లేకుండా ఒంటరిగా వచ్చే పాటలు కూడా ఉన్నాయి. వెనకటి పాటలకు మొదట్లో కొంచెం వాయిద్యం ఉండేది. చుట్టం వచ్చి కాళ్లు కడుక్కుని లోపలికి అడుగుపెట్టినట్టు ఉండేది. ఇప్పటివి చెప్పులతోనే వంటింట్లోకి వచ్చేస్తాయి. వచ్చీ రాగానే అసలు ముక్క పాడేసి, దాన్నే నాలుగుసార్లు తిప్పి, ఒక ఏకు అవకముందే వెళ్లిపోతాయి. మా యాసలో పాటలు కూడా బాగా వస్తున్నాయి. సంతోషమే. కానీ కొందరు పాడేటప్పుడు మా యాసను అరువు తెచ్చుకున్న పట్టుచీరలా కట్టుకుంటారు, ఎక్కడ నలుగుతుందోనని భయంగా నడుస్తారు.

నాకు అంతుపట్టని విషయం ఇంకొకటి. రేడియోలో కొన్ని పాటలు రోజుకు ఐదుసార్లు వేస్తారు, కొన్ని ఒక్కసారి వేసి మళ్లీ వెయ్యరు. సోమవారం నచ్చని పాట శుక్రవారానికి నా నోట్లోనే ఆడుతుంది. నచ్చి కాదు, అలవాటై. ఇవన్నీ ఎవరు ఎంచుతారు? ఒకసారి ఫోను చేసినప్పుడు రేడియోలో మాట్లాడే అమ్మాయినే అడిగాను.

“ఏ పాట ఎన్ని పాల్లు ఎయ్యాలో ఎవలు సెప్తారమ్మా?”

“పైనుంచి లిస్టు వస్తుందమ్మా” అంది నవ్వుతూ.

“ఆ పైనున్నోలు పన్జేసుకుంటూ ఇంటారేటి, కాలీగా కూసోని ఇంటారేటి?”

ఆ అమ్మాయి నవ్వు ఆపుకోలేక పాట వేసేసింది. నా ప్రశ్న అలాగే ఉండిపోయింది.

ఈ ఫోను సంగతి కూడా చెప్పాలి. మాకు అందే రేడియోలో శనివారం మధ్యాహ్నం రెండు గంటలకు మన ప్రాంతం వాళ్లు సొంతంగా కట్టుకున్న కొత్త పాటలు వేస్తారు. మనం ఫోను చేసి అడగాలి. మన మాటా, మన పాటా కలిపి ఐదు నిమిషాలు. చిక్కంతా అక్కడే. ‘ఈ పాట ఎవరెవరి కోసం?’ అని అడుగుతారు కదా, మా వైపు వాళ్లకు అది పెళ్లి పిలుపుతో సమానం. ఒకరి పేరు చెప్పి ఇంకొకరిని వదిలేస్తే మాటలు ఉండవు. నేను ఒకసారి పెద్ద బావతో మొదలుపెట్టి, చిన్న బావ, వాళ్ల వియ్యంకులు, సీతంపేట ఆడపడుచు, ఆమె తోటికోడలు అంటూ వచ్చేసరికి మూడు నిమిషాలు అయిపోయాయి. పాట పల్లవి దాటి చరణంలో కాలు పెట్టగానే ఆపేసి ప్రకటన వేశారు. మా వీధిలో అందరి అనుభవమూ ఇదే. పేర్లు నిండుగా వినపడతాయి, పాట సగమే వస్తుంది. అయినా పేర్లు తగ్గించిన వాళ్లు లేరు.

ఒక ఆదివారం పొద్దున నా మేనకోడలు వచ్చింది. మా తమ్ముడి కూతురు. వాళ్లది రామతీర్థం దగ్గర పల్లె. మా తమ్ముడు గుళ్లోనూ పెళ్లిళ్లలోనూ సన్నాయి వాయిస్తాడు. ఈ పిల్ల విజయనగరంలో సంగీతం చదువుకుంది. ఇంటి దగ్గర నలుగురు పిల్లలకు పాట చెబుతుంది. రైలు దిగి ఆటోలో వచ్చిన మనిషి మంచినీళ్లయినా తాగకుండా ఫోను తీసింది.

“అత్తా, నా పాట వొచ్చినాది. ఓ పాలి ఇను.”

స్నేహితులు ఇద్దరితో కలిసి తనే కట్టుకున్న పాట. ఎండాకాలంలో నాగావళి ఇసుకలో చెలమ తవ్వి నీళ్లు తోడే ఆడవాళ్ల మీద. రికార్డింగు చేయించి ఫోనుల్లో పెట్టేసింది, రేడియో వాళ్లకూ పంపింది. వాళ్లు తీసుకున్నారు గానీ ఎవరైనా అడిగితేనే వేస్తామన్నారు.

“మీ నాన్నకి ఇనిపించినావేటి?” అని అడిగాను.

పిల్ల ముఖం చిన్నబోయింది. వాళ్ల నాన్న ఒక్క వాక్యం విని ఫోను తిరిగి ఇచ్చేశాడట. ఇచ్చి ఇలా అన్నాడట: “ఫోనులో ఆడింది ఎవుడి సెవిలో ఆడిదే. రేడియోలో వొస్తే ఊరు ఇంటాది. వొచ్చే సోమారం లోపల మొదట్నించి సివరిదాకా ఓ పాలి రేడియోలో ఇనిపించు, నీ ఇష్టమొచ్చినట్టు పాడుకో. నేదంటే సోమారం బి.ఇడి. కౌన్సిలింగుకి పద. మాస్టరమ్మవైతే జీతమొస్తాది.”

సన్నాయి వాయించేవాడి బతుకు ఎలా ఉంటుందో వాడికి తెలుసు. కూతురి మీద కోపంతో అన్న మాట కాదు. కానీ మాట మాటే. వాడన్న సోమవారం మర్నాడు కాదు, ఆ పై వారంది. మధ్యలో ఉన్నది ఒక్క శనివారం.

“నువ్వు ఫోను సెయ్యాలత్తా. నీ గొంతు రేడియోలో అందరికీ ఎరికే.”

“సేస్తాను. ముందు రాట్నం మీద ఎట్టనీ” అన్నాను. నాకు ఒక పట్టింపు ఉంది. రాట్నం మీద వినని పాటను ఎప్పుడూ అడగలేదు. మేనకోడలైనా సరే.

పిల్ల ఫోనును రేడియో పక్కన పెట్టింది. పాట మొదలైంది. గొంతు తేనెలా ఉంది, నా చెయ్యి చక్కగా సాగింది. ఒక వాక్యం అయింది, రెండోది మొదలైంది, నూలు తెగిపోయింది. అతుక్కుని మళ్లీ మొదటి నుంచి పెట్టమన్నాను. సరిగ్గా అక్కడే మళ్లీ తెగింది. మూడోసారి కళ్లు మూసుకుని లాగాను. అక్కడే.

ఎదురరుగు మీద నుంచి మా వదిన చూస్తూనే ఉంది. “నీ సెయ్యి ముసిల్దయిపోనాది వొదినా. పాటనెందుకు అంటావు?”

“అయితే నువ్వు లాగు, సూద్దుం.”

ఆమె తన రాట్నం ముందు సర్దుకుని కూర్చుంది. ఫోను అటు తీసుకెళ్లి పెట్టాం. ఆమెకూ రెండో వాక్యం దగ్గరే తెగింది. తెగిన కొసను వేళ్ల మధ్య పట్టుకుని అటూ ఇటూ తిప్పి చూసింది. ఆ తర్వాత నా చెయ్యి సంగతి ఎత్తలేదు.

పిల్ల కళ్లలో నీళ్లు తిరుగుతున్నాయి. “బాగోనేదని సెప్పేయత్తా. తిప్పి తిప్పి సెప్పకు.”

“బాగుంది కాబట్టే అడుగుతన్నాను. బాగున్న పాటకి ఎందుకు తెగుతాది?”

నిజంగానే నాకు అర్థం కాలేదు. చెడ్డ పాటకు తెగితే ఆశ్చర్యం లేదు. ఈ పాట చెడ్డది కాదని చెవి చెబుతోంది, చెయ్యి మాత్రం ఒప్పుకోవడం లేదు. ఇన్నేళ్లలో రెండూ వేరు మాటలు చెప్పడం అదే మొదలు.

“ఫోను కట్టీసి, నువ్వు పాడు” అన్నాను.

పిల్ల గోడకు ఆనుకుని కూర్చుని పాడింది. అదే పాట, అదే గొంతు. నూలు ఒక్కచోట కూడా తెగలేదు. చెలమలో నీరు ఊరినట్టు వస్తూనే ఉంది. పాట అయ్యాక ఇంకోసారి పాడమన్నాను. ఈసారి నూలు వైపు చూడలేదు, పిల్ల వైపు చూశాను. మొదటి వాక్యం అయింది. పిల్ల భుజాలు చిన్నగా పైకి లేచాయి. ఊపిరి తీసుకుంది. ఆ క్షణంలో నా చెయ్యి, నేను చెప్పకుండానే, నూలు చుట్టడానికి కదురు వైపు వెళ్లింది.

ఫోను తీసి చెవికి ఆనించుకుని మళ్లీ విన్నాను. మొదటి వాక్యం, వెంటనే రెండోది. మధ్యలో ఏమీ లేదు.

“ఒసే గుంటా, ఇందులో నీ ఊపిరి ఏదే?”

పిల్ల ఫోను నా చేతిలోంచి తీసుకుంది. “అది రికార్డింగాయన తీసీసినాడత్తా. కంప్యూటరులో కోసేత్తారు. ఊపిరి సప్పుడు ఇనబడితే నీటుగా ఉండదంట. మజ్జిన కాలీ ఉంటే పాట డీలా అయిపోతాదని వాక్యాలు కూడా దగ్గరికి జరిపినాడు. అందరికీ అలాగే సేస్తారంట.”

“ఊపిరి తీసీసినాక మనిసెలా బతుకుతాదే?” అంది మా వదిన అటు నుంచి.

అప్పుడు అర్థమైంది. లాగేటప్పుడు నా చెయ్యి పాడేవాళ్ల ఊపిరి కోసం ఎదురుచూస్తుంది. అది వినపడగానే చుట్టడానికి వస్తుంది. ఊపిరి లేకపోతే ఎక్కడ ఆగాలో తెలియక ఇంకా ఇంకా లాగుతుంది. నూలు సన్నమై తెగుతుంది. ఇన్నేళ్లుగా ఈ పని చేస్తున్నాను, నా చెయ్యి దేన్ని వింటోందో నాకే తెలియదు.

పిల్ల అప్పటికప్పుడు రికార్డింగాయనకు ఫోను చేసి, ఊపిరి మళ్లీ పెట్టమని అడిగింది. పాతది తన దగ్గర ఉందన్నాడు గానీ ఆయనకు ఇష్టం లేదు. “ఊపిరి వినపడితే ఇంట్లో కూర్చుని పాడుకున్నట్టు ఉంటుందమ్మా” అన్నాడు. నేను ఫోను లాక్కున్నాను.

“ఇనేది ఇంట్లో కూసోనే కదా బాబూ.”

ఆయన సరే, బుధవారానికి ఇస్తానన్నాడు.

ఆ మూడు రోజులూ నాకు రేడియో కొత్తగా దొరికినట్టయింది. ప్రతి పాటలోనూ ఊపిరి వెతికాను. ఈ మధ్య వచ్చిన పాటల్లో నాకు బాగా నచ్చిన ఒక ప్రేమ పాట ఉంది. అందులో పాడే అబ్బాయి ఊపిరి పీల్చడం స్పష్టంగా వినపడుతోంది, పక్కగదిలో ఎవరో ఉన్నట్టు. ఒక అమ్మాయి పాటలకు నాకు ఎప్పుడూ నూలు తెగేది. ‘ఈ పిల్లకు పాడడం రాదు’ అని వీధంతా వినేలా అన్నదాన్ని. చెవి పెట్టి వింటే, ఆమె పాటల్లో ఎక్కడా ఊపిరి లేదు. పాడడం రాక కాదు. ఆమె ఊపిరిని ఎవరో తీసేశారు. రేడియో వైపు తిరిగి, తప్పయిపోయిందమ్మా అనుకున్నాను. ఊపిరి ఉండి కూడా తెగే పాటలు ఉన్నాయి లెండి. వాటి విషయంలో నా మాట మార్చుకోలేదు.

బుధవారం సాయంత్రానికి పాట వచ్చింది. పిల్ల దాన్ని రేడియో వాళ్లకు పంపి, పాతది తీసేయమని చెప్పి, గురువారం నా దగ్గరికి తెచ్చింది. రాట్నం మీద పెట్టాను. చివరి చరణంలో ఒక్కసారి తెగింది. అది మాత్రం నా చెయ్యి తప్పే.

శనివారం మా తమ్ముడు కూడా వచ్చాడు. శ్రీకాకుళంలో పెళ్లి వాయించి, సన్నాయి సంచి భుజాన వేసుకుని అట్నుంచి అటే వచ్చాడు. “నా సెవులతో ఇంటానప్పా” అని గోడవారగా కూర్చున్నాడు. పిల్ల వంటింటి గుమ్మం దగ్గర నిలబడింది. మా వదిన ఒక కాగితం తెచ్చి నా ఒళ్లో పెట్టింది. కేలెండరు చింపి వెనక రాయించింది.

“నీకు సదువు రాదు గానీ నాను సెప్తాను, నువ్వు అను. ఇరవై మూడు పేర్లు. మా పెద్దల్లుడి పేరు ముందుండాల.”

రెండు గంటలకు మొదలుపెడితే ఎనిమిదోసారికి లైను కలిసింది.

“రాట్నం అమ్మగారా? బాగున్నారా? ఏ పాట కావాలి?”

పాట చెప్పాను.

“ఎవరెవరి కోసమమ్మా?”

మా వదిన నా చెవి దగ్గరికి వంగి మొదటి పేరు అందించింది. పాట నాలుగున్నర నిమిషాలు ఉందని పిల్ల నాతో ముందే చెప్పింది. నా కాగితంలో ఇరవై మూడు పేర్లు. గోడవార తమ్ముడు కళ్లు మూసుకుని ఉన్నాడు. ఇందులో ఏ పేరు చెప్పినా రెండోది చెప్పక తప్పదు, రెండోది చెబితే ఇరవై మూడూ చెప్పాలి.

“ఎవల కోసం కాదమ్మా. పాట మొదట్నించి సివరాకరి వొరకూ ఏసీయండి.”

“ఒక్క పేరైనా చెప్పరా?”

“నేదమ్మా. మాటాడితే టైమైపోతాది.”

ఫోను పెట్టేశాను. మా వదిన నా ఒళ్లోని కాగితం లాక్కుంది.

పాట మొదలైంది. నేను రాట్నం పట్టాను, ఊరికే కూర్చోలేక. మొదటి వాక్యం అయింది. రేడియోలోంచి చిన్న ఊపిరి వినపడింది, గాలి తలుపు సందులోంచి వచ్చినట్టు. నా చెయ్యి చుట్టడానికి వచ్చింది. తమ్ముడు కళ్లు తెరిచాడు. తర్వాత వాక్యానికి పిల్ల ఊపిరి పీల్చేసరికి వాడి ఛాతీ కూడా పైకి లేచింది. తెలిసి చేసింది కాదు. ఊపిరితో బతికే మనిషి కదా. అక్కడి నుంచి పాట అయ్యేదాకా కూతురు రేడియోలోనూ, తండ్రి గోడవారనూ ఒకేసారి గాలి తీసుకున్నారు. గుమ్మం దగ్గర నిలబడ్డ పిల్ల మాత్రం ఊపిరి బిగబట్టే ఉంది. మధ్యలో ఆపుతారేమోనని నాకూ భయంగానే ఉంది. రెండో చరణం అయింది, పల్లవి మళ్లీ వచ్చింది, చివరి మాట పూర్తిగా వినపడింది. ఆ తర్వాతే సబ్బు ప్రకటన వచ్చింది.

తమ్ముడు చెంబెత్తి నీళ్లు తాగాడు. మూతి తుడుచుకున్నాడు.

“రెండో సరణం ముందు ఊపిరి సాల్లేదు” అన్నాడు.

“తెలుసు నాన్నా.”

“తెలిస్తే మరేటి? గొంతుకలోంచి తీసినావు. బొడ్డు కింద నించి తియ్యాల. రేపు తెల్లారగట్ల లేగు, నేర్పుతాను.”

“మరి సోమారం…” అంది పిల్ల.

“సోమారం కూడా లేగు.”

ఆ సోమవారం పిల్ల కౌన్సిలింగుకు వెళ్లలేదు. ఇంటి వెనక తండ్రి ఎదురుగా కూర్చుని ఊపిరి పట్టడం నేర్చుకుంది. ఇప్పటికీ నేర్చుకుంటోంది. ఆ పాట రేడియోలో ఇంకో రెండుసార్లు వచ్చింది. రోజుకు ఐదుసార్లు వేసే లిస్టులోకి మాత్రం ఎక్కలేదు. అందులోకి ఎలా ఎక్కుతాయో నాకు ఇంకా తెలియదు. ఫోను కలిసినప్పుడల్లా అడుగుతూనే ఉన్నాను.

మా వదిన నాలుగు రోజులు రాట్నాన్ని గోడ వైపు తిప్పుకుని వడికింది. “ఇరవై మూడు మందికీ ముందే సెప్పీసినాను, రేడియో ఎట్టుకోండని. నా మొకం ఎక్కడ ఎట్టుకోను?” అని గోడతో అంటుంటే నాకు వినపడేది. ఐదో రోజు ఆ పాట తనే కూనిరాగం తీస్తూ రాట్నాన్ని నా వైపు తిప్పింది.

ఆ రోజు ఎవరి పేరూ చెప్పకుండా పెట్టేశాను కదా, ఆ బాకీ నా నాలుక మీద అలాగే ఉంది. ఇవాళ ఐదు నిమిషాల లెక్క లేదు, ప్రకటన వచ్చేదీ లేదు. అందుకని నిదానంగా అంటున్నాను. ఇంతసేపు నా ఎదురుగా కూర్చున్నందుకు మీకు, మీ ఇంటి పెద్దలకు, పిల్లలకు, మీ వదినలకు, బావలకు, వియ్యాలవారికి, ఈ వేళ మీరు మరిచిపోయిన చుట్టాలకు కూడా చల్లగా జరగాలి. మీ ఇంట్లో అందరికీ నిండుగా ఊపిరాడాలి. ఎవరు పాట ఎత్తుకున్నా మధ్యలో తెగకుండా చివరి మాట దాకా సాగాలి.